డార్త్ వేడర్ వేషం: కాగితపు ముఖతొడుగు తయారుచేసే విధానం

వార్షికోత్సవ నాటకాలలో రాక్షస వేషం కట్టడం మన విద్యార్థులకు కొత్త కాదు. కోరమీసం, కిరీటం, గద సమకూరితే హిరణ్యకశిపుడు సిద్ధమైనట్లే. కాని గత సంవత్సరం మన సైన్సు విద్యార్థులు గ్రహాంతర యుద్ధం ఇతివృత్తంగా ఒక నాటిక వ్రాసుకొని, అందులో ప్రతినాయకుడు 'స్టార్ వార్స్' చిత్రంలోని డార్త్ వేడర్ వలె ఉండాలని పట్టుబట్టారు. ఆ వేషం తయారుచేయించే బాధ్యత తెలుగు అధ్యాపకుడినైన నాపై ఎందుకు పడిందో నాకు ఇప్పటికీ బోధపడదు. నాటకమంటే తెలుగు శాఖ పనేనని అందరి నమ్మకం కాబోలు! ఆ పనిలో మేము నేర్చుకొన్నదీ, నేను చేసిన ఒక పొరపాటూ ఇక్కడ వ్రాస్తున్నాను. ఈ ఏడు వేషం కట్టేవారికి ఉపయోగపడవచ్చు.

ముందుగా ఆ వేషం పుట్టుక తెలియాలి. జార్జ్ లూకాస్ దర్శకత్వంలో ఆ చిత్రం 1977లో విడుదలయింది. పాత్రల రూపాలను మొదట చిత్రించిన రాల్ఫ్ మెక్‌క్వారీకి ఒక సందేహం కలిగింది. ఈ నల్లని మనిషి ఒక అంతరిక్ష నౌక నుండి మరొక నౌకలోనికి గాలి లేని శూన్యం గుండా వెళ్ళాలి కదా, మరి ఊపిరి ఎలా పీలుస్తాడు? అందుకని అతని ముఖానికి శ్వాసయంత్రం వంటి తొడుగు గీశాడు. అది లూకాస్‌కు నచ్చి, పాత్రకు శాశ్వత ముఖమైపోయింది. అంటే లోకాన్ని భయపెట్టిన ఆ ముఖం భయపెట్టడం కోసం పుట్టలేదు, ఊపిరి కోసం పుట్టింది. ఈ మాట మనస్సులో ఉంచుకోండి.

దుస్తులు సమకూర్చిన జాన్ మోలో సైనిక దుస్తుల చరిత్రలో పండితుడు. మోటారు సైకిలు నడిపేవారి తోలు దుస్తులు, విషవాయువు నుండి కాపాడే తొడుగు, జర్మను సైనికుని శిరస్త్రాణం, మధ్యయుగపు సన్యాసి అంగీ, వీటినన్నిటినీ కలిపి మొదటి నమూనా కట్టాడు. దుస్తుల రూపకల్పనకు 1978లో ఆయనకు ఆస్కార్ బహుమానం లభించింది. జపాను సమురాయి వీరుల శిరస్త్రాణం ఛాయ కూడా ఆ రూపంలో స్పష్టంగా కనిపిస్తుంది. ముఖాన్ని మట్టితో మలచినవాడు బ్రయన్ ముయిర్ అనే ఆంగ్ల శిల్పి. చేతితో మలచినది కాబట్టి దాని కుడి ఎడమలు సరిసమానంగా ఉండవు. కనుక మన ముఖతొడుగు కాస్త వంకరగా వస్తే సిగ్గుపడనవసరం లేదు.

ఇక పని. తల తొడుగు, ముఖ తొడుగు వేరువేరుగా చేసుకోవాలి. తలకు నడుము వెడల్పైన కుండను బోర్లించి అచ్చుగా వాడాము. ముఖానికి కుమ్మరి మట్టితో అచ్చు చేశాము. వేషధారి ముఖం కంటే అచ్చు అన్ని వైపులా రెండు వేళ్ళ మందం పెద్దదిగా ఉండాలి. అచ్చుపై మొదటి పొర కాగితాన్ని వట్టి నీటితో తడిపి అతికిస్తే, ఆరిన తరువాత తొడుగు సులభంగా ఊడి వస్తుంది. రెండవ పొర నుండి జిగురు వాడాలి. గాలిపటాలు చేసే మన ఉర్దూ విద్యార్థులు దానిని 'లేయీ' అంటారు. ఒక గ్లాసు మైదాను అయిదు గ్లాసుల నీటిలో ఉండలు కట్టకుండా కలిపి, సన్నని సెగపై చిక్కబడేవరకు కాచాలి. పురుగు పట్టకుండా పుస్తకాలు కుట్టేవారు ఇందులో మైలుతుత్తం వేస్తారు. అది విషం. నోటికి దగ్గరగా ఉండే వస్తువులో ఎంతమాత్రం కూడదు. చారెడు ఉప్పు చాలు.

ఎనిమిది పొరలు వేయాలి. అంగుళం వెడల్పు పేలికలను ఒక పొర నిలువుగా, మరొక పొర అడ్డంగా అతికించాలి. ఎక్కడ ఎన్ని పొరలు పడ్డాయో లెక్క తప్పడం ఈ పనిలో పెద్ద చిక్కు. ఒక పొరకు తెలుగు పత్రిక, మరొక పొరకు ఉర్దూ పత్రిక వాడమని ఒక ఇంటర్మీడియట్ విద్యార్థిని సలహా ఇచ్చింది. లిపి మారడంతో ఖాళీలు వెంటనే కంటపడ్డాయి. రెండు భాషల కళాశాలలో తప్ప ఇటువంటి ఉపాయం తట్టదు! రెండేసి పొరలు వేసి నీడలో ఆరనివ్వాలి. ఎండలో పెడితే తొడుగు మెలికలు తిరుగుతుంది.

చెంపల ఎముకలు, కనుబొమల అంచులు ఉబ్బెత్తుగా రావడానికి కాగితం చాలదు. ఇందుకు మన తెలంగాణలోనే మంచి మార్గముంది. చేర్యాల కళాకారులు రంపపు పొట్టును చింతగింజల జిగురుతో ముద్ద చేసి ముఖతొడుగులు మలుస్తారు. ఆ ముద్దనే మేమూ వాడి, ఆరిన తరువాత ఉప్పుకాగితంతో రుద్దాము. ఆ నునుపు చూసి నాకే ఆశ్చర్యం కలిగింది.

నా పొరపాటు దీని తరువాతిది. నిగనిగలాడాలనే తొందరలో, పూర్తి వేషాలతో సాధన చేయవలసిన రోజుకు ముందటి రాత్రి ముఖతొడుగు లోపలా బయటా నల్ల ఎనామిల్ రంగు పూయించాను. కళ్ళకు నల్లని ప్లాస్టిక్ రేకు బిగించాము. నోటి దగ్గరి త్రికోణాన్ని జాలీ వలె చిత్రించామే కాని కోయలేదు. మరునాడు వేషధారి రెండవ రంగంలో సంభాషణ మధ్య ఆగిపోయాడు. భయంకరంగా నటిస్తున్నాడనుకొని మేము చప్పట్లు కొట్టాము. అతడు మోకాళ్ళపై కూలినప్పుడు గాని సంగతి తెలియలేదు. తొడుగు తీసేసరికి పెదవులు పాలిపోయి, రంగు వాసనకు వాంతి చేసుకొన్నాడు. కిటికీ దగ్గర అరగంట కూర్చున్న తరువాత తేరుకొని, "సార్, చప్పట్లు వినబడ్డాయి, అందుకే తీయలేదు" అన్నాడు. ఆ మాట నన్ను చాలా రోజులు వెంటాడింది.

తల తొడుగును అట్లే ఉంచి, ముఖాన్ని మళ్ళీ చేశాము. ఈసారి నోటి త్రికోణాన్ని పూర్తిగా కోసి, నల్ల రంగు వేసిన దోమతెర గుడ్డ లోపలి నుండి కుట్టాము. గడ్డం క్రింద బొటనవ్రేలు పట్టేటంత రంధ్రాలు నాలుగు పెట్టాము. మెడ వెనుక భాగం తెరిచే ఉంచి పై వస్త్రంతో కప్పాము. కళ్ళకు ప్లాస్టిక్ బదులు పలుచని నల్ల వల గుడ్డ వాడాము. ఊపిరి ఆవిరికి ప్లాస్టిక్ మసకబారుతుంది, గుడ్డ మసకబారదు. రంగస్థలంపై వెలుతురు, తొడుగులో చీకటి కాబట్టి లోపలివాడికి బయట కనిపిస్తుంది, ప్రేక్షకులకు లోపలి కళ్ళు కనిపించవు. రంగు బయటి వైపు మాత్రమే వేసి మూడు రోజులు గాలికి ఆరవేశాము. ఏ వేళ్ళతోనైనా ఒక్క లాగుతో ఊడివచ్చేటట్లు ముడి బదులు వెడల్పైన ఎలాస్టిక్ పట్టీ కుట్టాము.

మిగిలిన వేషం సులభమే. ఒక న్యాయవాది ఇచ్చిన పాత గౌను పై వస్త్రమయింది. భుజాలకు స్పాంజి, ఛాతీపై సబ్బుల అట్టపెట్టె, దానిపై రంగు సీసామూతలు, కాళ్ళకు నల్లని గమ్‌బూట్లు.

వేషధారి చేత మాట్లాడించకపోవడం మరొక మేలు. చిత్రంలోనూ శరీరం ఒకరిది, గొంతు మరొకరిది. వేషం ధరించినవాడు డేవిడ్ ప్రౌస్ అనే ఆరున్నర అడుగుల బరువులెత్తే వీరుడు. కంఠం జేమ్స్ ఎర్ల్ జోన్స్‌ది. ఆ ఇద్దరూ ఇప్పుడు లేరు, ఒకరు 2020లో, మరొకరు 2024లో కన్నుమూశారు. ఊపిరి శబ్దం బెన్ బర్ట్ సృష్టి. నీటి అడుగున ఈదేవారు వాడే శ్వాస పరికరంలో చిన్న మైకు పెట్టి ఆయన దానిని రికార్డు చేశాడు. మా ఉర్దూ శాఖ మిత్రుడు తెర వెనుక స్టీలు చెంబును మైకు ముందుంచి, అందులోనికి నెమ్మదిగా ఊపిరి వదిలాడు. ముందు వరుసలోని చిన్నపిల్లలు తల్లుల ఒడిలోకి జరిగారు.

ప్రదర్శనకు ముందు ఆ ముఖతొడుగును నేనే ధరించి, కళాశాల వరండాలో అరగంట సేపు, మెట్లు ఎక్కుతూ దిగుతూ నడిచాను. ప్రిన్సిపాల్ గారు ఎదురై ఏమిటిదని అడిగితే, గాలి సరిపోతున్నదో లేదో చూస్తున్నానని లోపలి నుండే సమాధానం చెప్పాను. ఆ తరువాతనే దానిని విద్యార్థికి ఇచ్చాను.