బోరు నీటిలో బంగారు చేప
పశ్చిమ ప్రకాశం ఇళ్లలో అక్వేరియం చేప చనిపోతే నింద నీటి ఉప్పదనం మీద పడుతుంది. అసలు కారణం తొట్టెలోనే పుడుతుంది

మార్కాపురం, కంభం, గిద్దలూరు ప్రాంతాల్లో పలకరాతి పొరల సందుల్లో చేరిన నీరే చాలాచోట్ల బోర్ల ద్వారా పైకి వస్తుంది. రాతిని ఒరుసుకుంటూ ఏళ్ల తరబడి నిలిచిన ఆ నీటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు కరిగి ఉంటాయి. వాటి పాలునే కఠినత్వం అంటారు. గీజరు కాయిల్ మీద పేరుకునే తెల్లటి పొర దాని గుర్తే. ఈ ప్రాంతాన్ని చిరకాలంగా వేధిస్తున్న ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదన్న భారతీయ ప్రమాణం మనుషుల తాగునీటికి ఉద్దేశించినది. మనిషి తాగలేని నీరు చేపకూ పనికిరాదని భావించి తొట్టెను పూర్తిగా క్యాను నీటితో నింపడం సహజమే అయినా, అది సరైన పద్ధతి కాదు.

కంటికి కనిపించని విషం

చేప మొప్పల ద్వారా విడిచే అమ్మోనియాకు, అడుగున కుళ్లే మేత నుంచి పుట్టేది తోడవుతుంది. ఫిల్టరు స్పాంజిపై స్థిరపడిన ఒక రకం బ్యాక్టీరియా దానిని నైట్రైట్‌గా, మరో రకం ఆ నైట్రైట్‌ను అంతగా హాని చేయని నైట్రేట్‌గా మారుస్తుంది. నత్రజని చక్రమనే ఈ ఏర్పాటు నిలదొక్కుకోవడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది కనుక, నీరు తేటగా కనిపించే కొత్త తొట్టెలోనే చేపలు తరచు చనిపోతాయి.

అమ్మోనియాలో మొప్పలను దెబ్బతీసేది ప్రధానంగా దాని స్వేచ్ఛా రూపం. నీటి ఆమ్ల, క్షార స్థాయిని తెలిపే పీహెచ్ 7 ఉన్నప్పుడు, 30 డిగ్రీల నీటిలో ఆ రూపం మొత్తంలో ఒక శాతం లోపే ఉంటుంది. పీహెచ్ 8కి చేరితే ఏడు శాతం దాటుతుంది. పైగా 20 డిగ్రీల వద్ద లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువును ఇముడ్చుకోగల నీరు 30 డిగ్రీల వద్ద ఏడున్నరతోనే సరిపెట్టుకుంటుంది. క్షారగుణం గల బోరు నీటికి మే నెల ఎండ, అతిమేత తోడైనప్పుడే ముప్పు ముదురుతుంది.

దిద్దుబాటు

ప్లాంటులో లవణాలను వడకట్టిన క్యాను నీటికి పీహెచ్‌ను నిలిపి ఉంచే శక్తి ఉండదు; బ్యాక్టీరియా పని వల్ల పుట్టే ఆమ్లం దానిని త్వరగా పడగొడుతుంది. అందువల్ల కఠిన జలాన్ని ఇష్టపడే గప్పీ, మోలీ, ప్లాటీలకు బోరు నీరే మేలు. నియాన్ టెట్రా, డిస్కస్ వంటి మృదుజల చేపలకే ప్లాంటు నీటిని కొంత బోరు నీటితో కలిపి వాడాలి. అప్పుడే తోడిన బోరు నీటిలో ప్రాణవాయువు తక్కువగా, బొగ్గుపులుసు వాయువు ఎక్కువగా ఉండవచ్చు కనుక, దానిని టబ్బులో రాత్రంతా గాలి పంపుతో కదిలించి, వారానికి తొట్టె నీటిలో పావు వంతు చొప్పున దానితో మార్చడం మంచిది. స్పాంజిని క్లోరిన్ కలిసిన కొళాయి కింద కడిగితే బ్యాక్టీరియా నశిస్తుంది. తొట్టెలోంచి తీసిన నీటిలోనే దానిని పిండాలి. అలంకరణకు వేసే మార్కాపురం పలకరాతిపై వెనిగర్ చుక్క నురగలు కక్కితే అందులో సున్నం ఉన్నట్టు. అటువంటి ముక్క కఠినత్వాన్ని మరింత పెంచుతుంది.

చేపలు నీటిపైకి వచ్చి నోరు తెరుస్తుంటే మందు కోసం పరుగెత్తేముందు అమ్మోనియా పరీక్ష చేయాలి. అది సున్నా కాకపోతే మేత ఆపి, మూడో వంతు నీరు మార్చి, గాలి పంపు వేగం పెంచాలి. బోరు నీటిని అనుమానించే అవసరం ఆ తర్వాతే వస్తుంది.