లైసెన్స్ చేతికొచ్చిన తొలి రోజుల్లోనే జాగ్రత్త: తరగతులు, పెనాల్టీ పాయింట్ల నిబంధనలు

సిద్ధగోరా (జంషెడ్‌పూర్): ఉక్కు కర్మాగారంలో కొలువుల కోసం తాతల నాడు జంషెడ్‌పూర్ వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలు నేడు చదువు, ఉద్యోగాల నిమిత్తం హైదరాబాద్, విశాఖపట్నం వైపు వెళుతున్నారు. సిద్ధగోరా వాసులు తూర్పు సింగ్‌భూమ్ జిల్లా రవాణా కార్యాలయం నుంచి పొందే లైసెన్స్ దేశమంతటా చెల్లుతుంది. దానిపై చర్య కూడా ఎక్కడ తప్పు చేసినా తప్పదు.

మోటారు వాహనాల చట్టం, 1988 ప్రకారం లైసెన్స్‌ను వాహన తరగతిని బట్టి ఇస్తారు. గేర్లు లేని మోటారు సైకిల్, గేర్లు గల మోటారు సైకిల్, తేలికపాటి మోటారు వాహనం, రవాణా వాహనం అన్నవి ముఖ్యమైనవి. వయస్సు 18 నిండాలి. రవాణా వాహనానికి 20. పదహారేళ్లకే లైసెన్స్ ఇస్తారన్న మాట నిజమే గాని, అది 50 సీసీకి మించని, గేర్లు లేని బండికే వర్తిస్తుంది. నేడు వీధుల్లో తిరిగే పెట్రోలు స్కూటర్లు చాలావరకు 100 సీసీకి పైబడినవే. ఈ తేడా తెలియక పదో తరగతి పిల్లలకు తాళాలు ఇచ్చే తల్లిదండ్రులు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. మైనరు నేరం చేస్తే సంరక్షకులకు 3 సంవత్సరాల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా, వాహన రిజిస్ట్రేషన్ 12 నెలల రద్దు తప్పవు. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు నిండేవరకు లైసెన్స్ కూడా రాదు.

మొదట లభించేది లెర్నర్ లైసెన్స్. దాని గడువు 6 నెలలు. కనీసం 30 రోజులు గడిచాకే పరీక్షకు హాజరు కావాలి. ఈలోగా బండికి ‘ఎల్’ గుర్తు ఉండాలి. కారులో లైసెన్స్ గల శిక్షకుడు పక్కన ఉండాలి. రవాణా వాహనం నేర్చుకోవాలంటే తేలికపాటి వాహన లైసెన్స్ పొంది ఏడాది పూర్తి కావాలి. తేలికపాటి వాహన లైసెన్స్ ఉన్నవారు 7,500 కిలోల లోపు రవాణా వాహనాన్ని ప్రత్యేక అనుమతి లేకుండానే నడపవచ్చునని 2024 నవంబరు 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పునిచ్చింది. చిన్న గూడ్సు బండ్లు నడిపి బతికేవారికి, ప్రమాదం జరిగినపుడు బీమా పరిహారం విషయంలో ఇది పెద్ద ఊరట.

ఇక పాయింట్లు. కేంద్ర చట్టంలో ఈ లెక్క లేదు. తెలంగాణ ప్రభుత్వం 2017 ఆగస్టు 1న దీనిని ప్రవేశపెట్టింది. ఆనాటి నిబంధనల ప్రకారం హెల్మెట్ లేదా సీటు బెల్టు లేకుంటే 1 పాయింటు, ఎదురు దిశలో నడిపితే 2. మద్యం తాగి ద్విచక్ర వాహనం నడిపితే 3, కారు నడిపితే 4, బస్సు, క్యాబ్ నడిపితే 5. రెండేళ్లలో 12 పాయింట్లు చేరితే లైసెన్స్ ఏడాది పాటు నిలిపివేత. లెర్నర్‌కు మాత్రం హద్దు 5 పాయింట్లే, ఆపైన రద్దు. అంటే తాగి, సీటు బెల్టు లేకుండా కారు నడిపిన లెర్నర్‌కు ఒక్క రాత్రి చాలు.

పాయింట్లు లేనిచోట నిశ్చింతగా ఉండవచ్చునని అనుకోవడం పొరపాటు. 2019 సవరణ తర్వాత హెల్మెట్ లేకపోయినా, ద్విచక్ర వాహనంపై ముగ్గురు ఎక్కినా 1,000 రూపాయల జరిమానాతో పాటు లైసెన్స్‌పై 3 నెలల అనర్హత పడుతుంది. జరిమానా చెల్లించి ఊరుకుంటే సరిపోతుందనుకునే కొత్త చోదకులు ఈ రెండో శిక్షను తరచు పట్టించుకోరు. జీవనాధారమే బండి అయిన డెలివరీ కుర్రాడికి మాత్రం ఆ మూడు నెలలు వెయ్యి రూపాయల కన్నా బరువైనవి.

బ్రిటన్‌లో కొత్తవారిపై మరింత కఠినం. అక్కడ సాధారణ చోదకులకు మూడేళ్లలో 12 పాయింట్ల హద్దు ఉండగా, తొలి లైసెన్స్ పొందిన రెండేళ్లలో 6 పాయింట్లు వస్తే లైసెన్స్ రద్దవుతుంది. ఈ నిబంధన 1997 నుంచి అమలులో ఉంది. చేతిలో ఫోను పట్టుకుని నడిపితే 2017 నుంచి ఒక్కసారే 6 పాయింట్లు. అలా పోగొట్టుకున్నవారు తిరిగి లెర్నర్‌గా మొదలుపెట్టి, రాత పరీక్ష, నడిపే పరీక్ష రెండూ మళ్లీ రాయవలసిందే. భారతీయ లైసెన్స్‌తో అక్కడ స్థిరపడినవారు దానిపై 12 నెలలు మాత్రమే నడపగలరు.