ఉష్ణోగ్రత చివరి ‘త’

మే వచ్చిందంటే టీవీ స్క్రోలింగులో నందిగామ పేరు పరుగెత్తాల్సిందే. పక్కన ‘గరిష్ఠ ఉష్ణోగ్రత’ అని ఉంటుంది. అంకె చూసి ‘అమ్మో’ అనుకుంటాం. మాట చివరి ‘త’ ఎవరికి పట్టింది?

అదే తోక చెక్ భాషలోనూ ఉంది. ఉష్ణోగ్రతను వాళ్లు ‘తెప్లొత’ అంటారు. సెర్బియన్‌లో ‘తొప్లొత’ అంటే వేడిమి. రష్యన్‌లోనూ అలాంటి మాటే. వీటన్నిటికీ తల్లి స్లావిక్ మూలభాషలోని ‘తెప్లొత’. పండితులు దాని ముందు ఒక నక్షత్రం గుర్తు (*) పెడతారు: ఏ రాతలోనూ దొరకలేదు, పిల్లల పోలికలు చూసి తల్లి ముఖం గీశాం అని.

ఆ మాటలోని ‘తెప్’, సంస్కృతంలోని ‘తప్’ ఒకే వేరు. తాపం, తపన, తపస్సు అక్కడివే. (మూడు రకాల బాధలనే ‘తాపత్రయం’ మన నోట్లో పడి ఆరాటం అయిపోయింది, అది వేరే కథ.) గుణాన్ని పేరుగా మార్చే ‘త’ కూడా ఉమ్మడి ఆస్తే. మన ‘నగ్నత’కు స్లావిక్ మూలరూపం ‘నగొత’. అక్కాచెల్లెళ్లని చెప్పడానికి పండితుడు అక్కర్లేదు!

ఈ చుట్టరికం నందిగామ మెట్టప్రాంతానికి కొత్త కాదు. ఆ పక్కనున్న జగ్గయ్యపేటలోని ధనంబోడు బౌద్ధ స్తూపాన్ని 1882లో జేమ్స్ బర్జెస్ తవ్వించాడు. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని 20వ పాలనా సంవత్సరంలో సిద్ధార్థుడనే శిల్పి తూర్పు ద్వారం దగ్గర ఐదు ఆయక స్తంభాలు (స్తూపపు వేదికపై నిలిపేవి) నిలిపాడని అక్కడి శాసనం చెబుతోంది. భాష ప్రాకృతం. అంటే సంస్కృతానికి దగ్గరి బంధువు, స్లావిక్‌కు దూరపు చుట్టం, క్రీస్తుశకం మూడో శతాబ్దికే ఈ ఊరి రాతికెక్కింది.

కానీ నందిగామ బస్టాండులో ముంజలు ఒలిచే మనిషి ‘ఉష్ణోగ్రత పెరిగింది’ అనడు, ‘వేడి చంపేస్తోంది’ అంటాడు. ఆ ‘వే’ ద్రావిడ సొత్తు. తమిళుల వెయిల్, మలయాళీల వేనల్, ‘వ’ను ‘బ’ చేసుకునే కన్నడిగుల బిసి, బేసిగె, మన వేసవి, వేపుడు అన్నీ ఒక గూటివే. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం మేడమీది ట్యాంకు కుళాయి తిప్పి చూడండి. పొయ్యి వెలిగించకుండానే వచ్చే ఆ వేణ్ణీళ్లే తమిళుల వెన్నీర్.