మీకు తెలుసా? పరుగును ఆపింది కాళ్లు కాదు, నమ్మకం!
1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో మహిళల 800 మీటర్ల పరుగు ముగిశాక కొందరు అలసటతో నేలమీద కూలబడ్డారు. మగవాళ్లూ పందెం అయ్యాక అలాగే కూలబడతారు, దాన్నెవరూ తప్పుపట్టరు. కానీ ‘ఆడవాళ్ల ఒంటికి ఇది పడదు’ అంటూ పత్రికలు గగ్గోలు పెట్టాయి. దాంతో తీసేసిన ఆ పందెం తిరిగి ఒలింపిక్స్‌లోకి వచ్చింది 1960లోనే. ఆ 32 ఏళ్లలో ఎంతమంది అమ్మాయిలు ఆ మాటే నిజమనుకుని మైదానం వైపు చూడకుండా ఉండిపోయారో!

1967 బోస్టన్ మారథాన్‌లో 261 నంబరుతో పరుగెడుతున్న కేథరిన్ స్విట్జర్‌ను, ఆడమనిషి అన్న కారణంతో ఓ నిర్వాహకుడు వెనకనుంచి పట్టుకుని, ఆ నంబరు కాగితం పీకేయబోయాడు. ఆమె ఆగలేదు. 42 కిలోమీటర్లకు పైగా ఉన్న ఆ దూరాన్ని పూర్తిచేసింది. ఒలింపిక్స్‌లో మహిళల మారథాన్ మొదలైంది మాత్రం 1984లో, లాస్ ఏంజెలెస్‌లో.