తొందరగా పరదేశమునకు సరకు పంపు విధము

బంగినపల్లి మామిడిని కోసిన నాటి నుండియే దాని ఆయువు తరుగుచుండును. కావున పరదేశపు వర్తకుడు తొందరపెట్టినప్పుడు రైతు సోదరులు బాడుగ యెంత యని గాక, కాయ యెన్నినాళ్లు నిలుచునని మొదట విచారింపవలెను.

ఓడలో సుమారు 13 డిగ్రీల చల్లదనమున కాయను రెండు మూడు వారములు నిలుపవచ్చును. చలి మిక్కిలి హెచ్చినచో తోలు నల్లబడి, కాయ సరిగా పండదు. ఓడ దారి మన వశములోనిది కాదు. 2023 చివర ఎర్రసముద్రమున ఓడలపై దాడులు జరుగగా, ఐరోపాకు పోవు నోడలు పెక్కు ఆఫ్రికా దక్షిణపు కొసను చుట్టిపోయి, పదిదినములకు పైగా ఆలస్యమయ్యెను.

విమానము వేగమైనది గాని, దాని బాడుగ కాటా బరువును బట్టియే కాదు. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో హెచ్చించి 6000 చేత భాగింతురు. ఆ కిలోలలోను కాటా కిలోలలోను ఎక్కువైన దానికే రుసుము. 60, 40, 40 కొలతల పెట్టెలో 10 కిలోలే యున్నను 16 కిలోలకు చెల్లింపవలెను. గాలికి బాడుగ యేల? పెట్టెను కుదించుడు. మిరప నమూనా వంటి చిన్న పొట్లమునకు కొరియరు చాలును; వారిలో పెక్కుమంది 5000 చేత భాగింతురు.

అమెరికాకు పోవు మామిడికి వికిరణ శుద్ధి చేయింపవలెను గాన, ఆ దినమును గూడ లెక్కింపుడు. ఇక కాగితములు. ఒకమారు మా పెట్టెల సంఖ్యకును మొక్కల ఆరోగ్య ధ్రువపత్రములోని సంఖ్యకును ఒకటి తేడా వచ్చి, సరకు విమానాశ్రయముననే రెండు దినములు నిలిచి పండిపోయెను. లెక్క తప్పినది మేమే. నాటి నుండి పెట్టెలను ఇద్దరము వేర్వేరుగా లెక్కించి, పిమ్మటనే దరఖాస్తు వ్రాయుచున్నాము.