కంప్యూటర్‌లో డప్పు మోగేదెలా?

సెల్‌ఫోన్ రింగ్‌టోన్ మొదలు సినిమా పాట దాకా నేడు మనం వినే సంగీతంలో చాలా భాగం కంప్యూటర్‌లోనే తయారవుతోంది. సినిమా టైటిల్స్‌లో 'కీబోర్డ్ ప్రోగ్రామింగ్' అని పేర్లు పడుతుంటాయి కదా! ఆ ప్రోగ్రామింగ్‌లో అసలు ఏం జరుగుతుందో మాకు తెలిసినంతలో వివరిస్తాం. హైస్కూలు భౌతికశాస్త్రంలోని ధ్వని పాఠం గుర్తుంటే చాలు, మిగతాదంతా తేలికే.

ధ్వని అంటే గాలిలో కంపనం. మైకు ఆ కంపనాన్ని కరెంటుగా మారుస్తుంది. కంప్యూటర్ ఆ కరెంటును సెకనుకు 44,100 సార్లు కొలిచి అంకెలుగా రాసుకుంటుంది. అన్నిసార్లు ఎందుకంటే, మన చెవి సుమారు 20,000 హెర్ట్జ్ వరకు వినగలదు. ఏ కంపనాన్నైనా సరిగా పట్టుకోవాలంటే దానికి రెట్టింపు కంటే ఎక్కువ కొలతలు కావాలి. సీడీలదీ ఈ లెక్కే. ఇప్పుడు దీన్ని తిరగేయండి. మైకు లేకుండా మనమే అంకెలు లెక్కగట్టి స్పీకరుకు పంపితే, ఎవరూ వాయించని ధ్వని పుడుతుంది! 1957లో అమెరికాలోని బెల్ లేబొరేటరీస్‌లో మాక్స్ మాథ్యూస్ అనే ఇంజనీరు ఐబీఎం 704 కంప్యూటర్ మీద ఇలాగే 17 సెకన్ల బాణీ మోగించారు.

అయితే సెకనుకు 44,100 అంకెలు ఎవరు రాస్తారు? మేస్త్రి ప్రతి ఇటుకనూ తానే కాల్చుకోడు కదా. 1960 ప్రాంతంలో మాథ్యూసే ఆ ఇటుకలను తయారుచేశారు. వాటినే మాడ్యూళ్ళు అనవచ్చు. ఆసిలేటర్ ఒక స్వరాన్ని పుట్టిస్తుంది. నాయిస్ మాడ్యూల్ వట్టి 'హుస్' శబ్దం ఇస్తుంది. ఫిల్టర్ జల్లెడ లాంటిది. ఎన్వలప్ ధ్వని ఎప్పుడు పెరగాలో, ఎప్పుడు తగ్గాలో చెబుతుంది. డిలే ధ్వనిని కాసేపు ఆపి వదులుతుంది. ఒకదాని నుంచి ఇంకొకదానికి తీగలు కలిపితే వాయిద్యం సిద్ధం. 1986లో వచ్చిన సీసౌండ్, 1996లో మిల్లర్ పకెట్ చేసిన ప్యూర్ డేటా ఈ పద్ధతివే. రెండూ ఉచితం. ప్యూర్ డేటా పాత కంప్యూటర్లలో కూడా నడుస్తుంది కనుక మేము దాన్నే వాడాం.

మొదట జువ్వలదిన్నె అల. నాయిస్‌ను ఫిల్టర్‌లో పోసి పై ధ్వనులను ఆపేయాలి. ఆ ఫిల్టర్ హద్దును ఏడెనిమిది సెకన్లకొకసారి నెమ్మదిగా లేపి దించితే అల వచ్చి విరిగి వెనక్కి పోతున్నట్టే ఉంటుంది. దీనికి మూడు మాడ్యూళ్ళు చాలు.

తంబుర ఇంకా చిత్రంగా ఉంటుంది. 1983లో కార్‌ప్లస్, స్ట్రాంగ్ అనే ఇద్దరు ప్రకటించిన ఉపాయం ఇది. క్షణకాలం నాయిస్‌ను డిలేలోకి పంపి, బయటికి వచ్చినదాన్ని కొంచెం మెత్తబరచి మళ్ళీ అందులోకే పంపాలి. అది తిరుగుతూ తిరుగుతూ మీటిన తీగలా మోగి, మెల్లగా ఆరిపోతుంది. ఒకటవ శ్రుతికి కింది షడ్జం సుమారు 130.8 హెర్ట్జ్. 44,100ను దానితో భాగిస్తే 337. అంటే డిలే పొడవు 337 నమూనాలకు అటూ ఇటూగా పెడితే ఆ స్వరం పలుకుతుంది. శ్రుతి మార్చాలంటే ఈ అంకెను మారిస్తే సరి. అయితే ప్యూర్ డేటా 64 నమూనాలను ఒక కట్టగా లెక్కవేస్తుంది. అంతకన్నా పొట్టి డిలేను ఇలా తిప్పలేం. అందుకే మరీ పై స్వరాలకు ఆ కట్టను చిన్నది చేసుకోవాలి.

ఇక డప్పు. మా దగ్గరున్న కీబోర్డులో తబలా, ఢోలక్, పాశ్చాత్య డ్రమ్ములు ఉన్నాయి, డప్పు లేదు. అందుకే దాన్ని మాడ్యూళ్ళతో కట్టాలనుకున్నాం.

తీగ 200 హెర్ట్జ్‌లో మోగితే దానితోపాటు 400, 600 కూడా పలుకుతాయి. గుండ్రంగా బిగించిన తోలు అలా కాదు. సిద్ధాంతం ప్రకారం 200తోపాటు 319, 427, 459 వస్తాయి. వీటికి పొంతన కుదరదు గనుక చెవికి స్వరంగా కాక దెబ్బగా వినిపిస్తుంది. మృదంగం, తబలాల మీద పూసే నల్లటి కరణి ఈ అంకెలను తీగ వరసకు దగ్గరగా తెస్తుందని సర్ సి.వి. రామన్ 1920లోనే చూపించారు. డప్పుకు కరణి లేదు. కాబట్టి నాలుగు ఆసిలేటర్లను ఆ పొంతన లేని అంకెలకే పెట్టి, ఎన్వలప్‌తో చప్పున ఆపేశాం. తరువాత చెవితో విని అంకెలు సరిచేసుకున్నాం. చిర్ర దెబ్బకు ముదురు నాయిస్, సిటికెన పుల్లకు సన్నటి 'టక్'మనే నాయిస్ కలిపాం. డప్పును మంట దగ్గర కాచేది ఎందుకో కూడా ఇక్కడే తెలిసింది. తేమ పోయి తోలు బిగుస్తుంది. 200ను 230 చేయాలంటే బిగువు దాదాపు 32 శాతం పెరగాలి. కంప్యూటర్‌లో అయితే ఒక్క అంకె మారిస్తే అయిపోతుంది, మంట అక్కర్లేదు!

ఈ మాడ్యూళ్ళను బయటి నుంచి వచ్చిన ధ్వని మీద వాడితే అది సిగ్నల్ ప్రాసెసింగ్. ఇదంతా విదేశీయుల విద్యే అనుకోనక్కర్లేదు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో బీఎస్సీ చదివిన ఆచార్య బి. యజ్ఞనారాయణ, కె. శ్రీరామమూర్తితో కలిసి 2008లో ఒక పద్ధతి ప్రకటించారు. మాటను 0 హెర్ట్జ్ దగ్గర పెట్టిన ఫిల్టర్‌లోంచి పంపితే, గొంతులోని స్వరతంత్రులు మూసుకునే క్షణాలు బయటపడతాయి.

మాలో కొందరి తాతలు, పెదనాన్నలు డప్పు కొట్టి ఇల్లు గడిపినవాళ్ళు. పెళ్ళిళ్ళకు డీజే బాక్సులు వచ్చాక పిలుపులు తగ్గాయని ఇంట్లో వింటూనే ఉన్నాం. మరి మేము చేసేది ఆ కాస్త పిలుపునూ తీసేస్తుందా అన్న ప్రశ్న మా మధ్య రాకపోలేదు. ఒక తాతకు వినిపిస్తే, "ఏందబ్బయా, ప్రతి దెబ్బా ఒకే మాదిరి పడతా ఉంది, చెయ్యి అలవదా దానికి?" అన్నాడు. ఆ మాటతో ఒక్కో దెబ్బ జోరును, సమయాన్ని కొంచెం అటూ ఇటూ జరిపే యాదృచ్ఛిక సంఖ్యల మాడ్యూల్ కలిపాం. కొంత మెరుగైంది. అయినా ఎదురుగా ఉన్నవాళ్ళ అడుగులు చూసి వేగం పెంచడం దానికి రాదు. కనుక వార్షికోత్సవానికి డప్పు ఊరి కళాకారులే కొట్టాలని, కంప్యూటర్ తంబుర శ్రుతికే ఉండాలని తీర్మానించుకున్నాం. వాళ్ళకు ఇచ్చే డబ్బు ఎంతో కూడా అప్పుడే రాసి పెట్టుకున్నాం.

ఇది చదివి తంబుర ప్రయత్నించేవారు ఒక్క సంగతి గమనించాలి. డిలేలోకి తిరిగి పంపేటప్పుడు 0.99 లాంటి అంకెతో గుణించాలి. అది 1 దాటితే ధ్వని తగ్గడానికి బదులు క్షణాల్లో పెరిగి చెవులు గింగురుమంటాయి. హెడ్‌ఫోన్ తగిలించుకునే ముందే వాల్యూమ్ బాగా తగ్గించుకోండి.