పోయేటప్పుడు మిర్చి, వచ్చేటప్పుడు ఖాళీ!

గుంటూరు: మిరప కోతలు మొదలైతే పల్లెల్లోని చిన్న లారీలకు తీరిక ఉండదు. కల్లాల్లో టిక్కీలు ఎత్తించుకుని, రాత్రికి రాత్రే మిర్చి యార్డు చేరాలి. తెల్లవారి దించేశాక బండి ఖాళీ. చిక్కంతా అక్కడే ఉంది. రైతు ఇచ్చిన బాడుగలో చాలా భాగం, వట్టి బండి తిరిగొచ్చే డీజిలుకే పోతున్నదని యజమానులు వాపోతున్నారు.

దళారీ లోడు చూపితే కమీషను ఇచ్చుకోవాలి. అందుకే కొందరు యార్డు బయట పడిగాపులు మాని, తమ ఊరి ఎరువుల కొట్టు, సిమెంటు కొట్టు వారితో ముందే మాట్లాడుకుంటున్నారు. తిరుగు ప్రయాణంలో ఆ బస్తాలు వేసుకొస్తే డీజిలు ఖర్చు గట్టెక్కుతుంది. బేరం కుదిరేది మాత్రం చెప్పిన రోజుకు సరుకు చేర్చేవాడికే.

మరో వెసులుబాటు కూడా ఉంది. సరుకుతో కలిపి మొత్తం బరువు 7500 కిలోలు మించని రవాణా బండిని లైట్ మోటారు లైసెన్సుతో నడపవచ్చని 2024 నవంబరు 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. యజమానే స్టీరింగు పడితే డ్రైవరు జీతం మిగులుతుంది.

వేసవిలో యార్డుకు సెలవులిస్తారు. ఫైనాన్సు వాయిదాకు సెలవు లేదు. ఆ రోజుల్లో ఇటుక, కంకర, పెళ్ళిళ్ళ షామియానా సామాను, ఏది దొరికితే అదే బాడుగ.